రోహిణి కార్తెలో సముద్రయానం

అవతారిక

కావ్యం ఎత్తుకునేటప్పుడు ఇష్టదేవతలను తలుచుకోవడం పెద్దల మర్యాద. కాబట్టి ముందుగా, తీగల మీద నడిచివచ్చి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయే విద్యుద్దేవికి నమస్కారం. ఆమె అలిగినప్పుడు అరగంటసేపు ఇంటిని నిలబెట్టే ఇన్వర్టరు స్వామికి నమస్కారం. గడ్డితడకల నడుమ కూర్చుని గుడగుడమంటూ చల్లని ఊపిరి వదిలే కూలరు మహానుభావుడికీ, ఆయన కడుపు నింపే బిందెకూ, ఆ బిందెను మోసే అవ్వకూ వేరువేరుగా నమస్కారం.

తర్వాత కుకవినింద ఉండాలి. పొద్దస్తమానం ఆ పెట్టె ముందర కూచోని ఏం బావుకుంటార్రా అని గొణిగే పెద్దమనుషులను ఇక్కడ నాలుగు మాటలు అనవచ్చు. అనడం లేదు. రాత్రి భోజనాల దగ్గర, ‘యాడిదాంక వచ్చిందిరా మీ పడవ?’ అని అందరికంటే ముందు అడిగేది వాళ్ళే.

ఇక కథావస్తువు ప్రఖ్యాతం. వాల్‌హైమ్ అనే కంప్యూటర్ ఆట. స్వీడన్‌లో ఐరన్ గేట్ అనే చిన్న బృందం తయారుచేసి 2021 ఫిబ్రవరి 2న జనం మీదికి వదిలితే, దాదాపు నెల తిరిగేసరికి 50 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. అటువైపు పురాణాల్లో లోకాలు తొమ్మిది. అవి చాలవన్నట్టు ఈ ఆటవాళ్ళు పదో లోకాన్ని సృష్టించారు. యుద్ధంలో చచ్చిన వీరుణ్ణి రెక్కల దేవత ఒకామె ఎత్తుకొచ్చి ఆ లోకంలో చింకిబట్టలతో పడేస్తుంది. అక్కడినుంచి కట్టెలు కొట్టుకుని, వేటాడి, గుడిసె వేసుకుని, చలికీ వానకూ ఓర్చుకుని బతికి బట్టకట్టాలి. ఆ లోకంలో ఒక పగలూ ఒక రాత్రీ కలిస్తే మనకు 30 నిమిషాలు. బ్రహ్మగారి లెక్కను తిరగేశారన్నమాట.

పురవర్ణన

కడప అని ఒక పురం కలదు. దానికి ఒక దిక్కున పాలకొండలు, ఇంకో దిక్కున పెన్నానది. నది అన్నది ఉనికిని బట్టి చెప్పిన మాటే తప్ప ఉదకాన్ని బట్టి కాదు. పురంలోని మేడలు చంద్రమండలాన్ని రాసుకుంటున్నాయని పాతకవులు వర్ణించేవారు. ఈ పురంలో మేడల మీది నల్లటి సింటెక్సు ట్యాంకులు సూర్యమండలాన్ని రాసుకుని, ఆ తేజస్సును కుళాయిల గుండా స్నానాలగదిలోకి దింపుతాయి. అందువల్ల ఇక్కడి పౌరులు మధ్యాహ్నం పూట చన్నీళ్ళ కుళాయి తిప్పి వేణ్ణీళ్ళు పోసుకుంటారు.

ఈ సీమకు ఇద్దరు మేఘరాజులు సామంతులు. నైరుతి రాజు ఆర్భాటంగా బయలుదేరుతాడు గానీ పడమటి కనుమల దగ్గరే మూటలన్నీ విప్పేసి, ఖాళీ ఖజానాతో గాలి ఒక్కటీ వెంటబెట్టుకుని వస్తాడు. ఈశాన్య రాజు నెల్లూరు తీరంలో విందులు ముగించుకుని, మిగిలింది ఉంటే పట్టుకొస్తాడు. ఇద్దరూ కలిసి ఏడాదికి కట్టే కప్పం 700 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అదీ కట్టిన ఏడు కట్టినట్టు, ఎగ్గొట్టిన ఏడు ఎగ్గొట్టినట్టు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, అటువంటి పురంలో, నడిమింట్లో పరిచిన నల్లటి కడప బండల మీద మఠం వేసుకుని, ఎదురుగా డెస్క్‌టాపు, పక్కన నన్నారి షర్బతు పెట్టుకుని ఒక ఇరవై ఏళ్ళ వీరుడు సముద్రం మీదికి బయలుదేరాడు. ప్రబంధంలో మధుపానవర్ణన తప్పనిసరి గనుక షర్బతు సంగతి చెప్పవలసి వచ్చింది.

వంశవర్ణన

సీమవాడికి పడవేమిటని శంకించేవారు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. వీరులు ముగ్గురు. ఒకరు కడప, ఒకరు ప్రొద్దుటూరు, ఒకరు కర్నూలు. మూడూళ్ళ వీరులూ చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని ఒకే నావలో కూర్చుంటారు. వీళ్ళ నౌకావంశానికి మూలపురుషుడు పుట్టి. వెదురు అల్లి, తోలు తొడిగి, తుంగభద్రలో వదిలిన ఆ గుండ్రని దేవుడికి ముందూ వెనకా లేవు. ఎటు తిరిగితే అదే ముందు.

ఆ వంశంలో రెండో తరం కర్నూలు-కడప కాలువ. దీన్ని తవ్వింది పొలాలకు నీళ్ళు పారించడానికి మాత్రమే కాదు, పడవలు నడపడానికి కూడా. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, సర్ ఆర్థర్ కాటన్ ఊహకు రూపమిస్తూ, కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కాలువ తీసింది. లండన్ షావుకార్లు పెట్టుబడి పెట్టారు, సర్కారు వడ్డీకి పూచీ పడింది. దాన్ని నెల్లూరు తీరం దాకా లాగి సముద్రంలో కలపాలన్నది తొలి సంకల్పం. సుమారు 190 మైళ్ళు తవ్వేసరికి కంపెనీ చేతిలో డబ్బులు ఇంకిపోయాయి, కాలువ కడప దగ్గర ఆగిపోయింది. లాకులు కట్టారు, పడవలూ దించారు. సరుకులు మాత్రం ఎడ్లబండ్లను వదలలేదు. చివరికి 1882లో సర్కారే ఆ కంపెనీ ఆస్తిని కొనుక్కుంది.

అంటే సముద్రానికని బయలుదేరిన జలమార్గమొకటి కడప దాకా వచ్చి ఆగి నూటయాభై ఏళ్ళయింది. తరువాయి ప్రయాణం ఈ కుర్రవాళ్ళు పూర్తిచేస్తున్నారు. అంతమాత్రానికే వీళ్ళను కాటన్ దొర వారసులు అనకపోతే కావ్యానికి అతిశయోక్తి ఎక్కడినుంచి వస్తుంది?

నౌకావర్ణన

ఆ లోకంలో తొలి వాహనం తెప్ప. నాలుగు దుంగలు, ఒక గుడ్డపీలిక. అది ముందుకు పోతోందో, నీళ్ళు వెనక్కి పోతున్నాయో తేల్చుకోవడానికి తర్కశాస్త్రం కావాలి. తర్వాతది కార్వ్ అనే నడితరహా పడవ. దానికి 80 కంచుమేకులు. ఆపైన పొడుగునావ. దానికి 100 ఇనుపమేకులు, 40 మేలుజాతి కర్రలు, 40 పాతచెట్ల బెరడులు, 10 జింకతోళ్ళు. ఇనుము దొరికేది బురదనేలల్లో, పాతిపెట్టిన పీనుగుల నడుమ, తుప్పుకుప్పల్లో. అక్కడ ఎప్పుడూ వానే. వీరులు ఆ బురదలో రాత్రులు వెళ్ళబుచ్చి, చచ్చి, మళ్ళీ పుట్టి, తమ సమాధుల్లోంచి తమ సామాన్లు తామే తీసుకుని ఆ మేకులు సాధించారు. విశ్వకర్మ పుష్పకాన్ని ఇంత కష్టపడి చేసి ఉండడు.

ఇంతా చేసి సముద్రం మీద ఎందుకు పోవాలి? ఆ లోకంలో మాయాద్వారాలు ఉన్నాయి గదా, ఇటు అడుగుపెడితే అటు తేలవచ్చు గదా అంటే, అక్కడి మామూలు ద్వారాలకు ఒక నియమం ఉంది. మనిషిని పోనిస్తాయి, మాంసాన్ని పోనిస్తాయి, ముడి లోహాన్ని మాత్రం పోనివ్వవు. ఇనుము ఇంటికి రావాలంటే నావ మీదే రావాలి. అందువల్ల ఈ కావ్యంలో సీతను వెతకడం లేదు, అమృతం తేవడం లేదు. నావ కడుపు నిండా ముడి ఇనుము నింపుకుని సొంత గుడిసెకు చేరడమే కథ.

ప్రయాణవర్ణన

శుభముహూర్తం చూసి లంగరు ఎత్తుదామంటే ఆ లోకంలో లంగరు లేదు. చుక్కాని పట్టుకున్నవాడే సర్వాధికారి. తెర మూల ఒక చక్రం, అందులో గాలి ఎటునుంచి వీస్తోందో చూపే గుర్తు. చక్రంలో కొంత మేర నల్లగా ఉంటుంది. గాలి ఆ నలుపులో ఉన్నంతసేపూ తెరచాప వేలాడే దుప్పటే. తెడ్లు వేసుకోవాలి, లేదా నావను కాసేపు కుడికీ కాసేపు ఎడమకూ కోసుకుంటూ ఏటవాలుగా నడపాలి. అలా నడిపితే ముందుకు పోవలసిన దూరానికి రెండింతలు పక్కలకు పోతారు.

ఆనాడు ఎదురుగాలి. పావుగంట తెడ్లు వేశాక ప్రొద్దుటూరు వీరుడు ధైర్యం వదిలాడు.

‘రేయ్, ఇట్లయితే తెల్లార్లూ ఈడ్నే ఉంటాంరా.’

‘ఏం తొందరప్పా నీకు, యాడ పెండ్లి ఉంది?’ అన్నాడు కర్నూలు వీరుడు, శాంతరసంలో.

అప్పుడు కూలరులో నీళ్ళు పోయడానికి వచ్చిన అవ్వ బిందె చంకన పెట్టుకుని తెర వైపు చూసింది. చక్రం, నలుపు, గుర్తు అన్నీ మనవడు వివరించాడు. ఆమెకు వివరణ అక్కర్లేకపోయింది.

‘గాలి యాడికి పోతాదబ్బీ? మేము కళ్ళంలో జొన్నలు రాశి పోసుకోని, చేట చేతబట్టుకోని, ముక్కాలిపీట మింద నిలబడి ఎదురుసూడలే? గుప్పెడు పొట్టు ఎగరేస్తే అదే చెప్తాది యాట్నుంచి వస్తాందో. వచ్చేదాంక చేట దించగూడదు. వచ్చినాక నిలబడగూడదు. అంతే పని.’

ఇంతకంటే నౌకాశాస్త్రం ఏ దేశంలోనూ లేదు. తూర్పారబట్టేవాడూ తెరచాప కట్టినవాడూ ఒకే దేవుడికి దాసులు. ఇద్దరి విద్యా ఎదురుచూడడమే. వీరులు చేట దించలేదు. కాసేపటికి గుర్తు నలుపులోంచి మెల్లగా జరిగింది. సగం చాప, నిండు చాప. పొడుగునావ మెడ సాచి ఉరికింది.

గాలి కోసం ఇంత తపస్సు అక్కర్లేని వరం కూడా ఆ లోకంలో ఒకటుంది. మంచుకొండల మీద మోడర్ అనే ఆడ డ్రాగను ఉంటుంది. దాన్ని చంపి తలను తెచ్చి బలిరాయికి తగిలిస్తే, కోరినప్పుడు 5 నిమిషాలపాటు నావ ఎటు తిరిగితే అటే తోడుగాలి. మళ్ళీ కోరాలంటే, ముందు కోరిన గడియనుంచి 20 నిమిషాలు ఆగాలి. మన వీరులు ఇంకా ఆ కొండ ఎక్కలేదు. ఈ సంగతి విని అవ్వ చాలాసేపు ఆలోచించింది. ఆమె ఎరిగిన ఊళ్ళల్లో వాన కోసం విరాటపర్వం చదివించారు, కప్పలకు పెళ్ళి చేశారు, కావిళ్ళు మోశారు. ఐదు నిమిషాలకని గట్టిగా మాట ఇచ్చిన దేవుడు మాత్రం లేడు.

మంచువర్ణన

నడిసముద్రానికి చేరేసరికి మంచు దిగింది.

ఎట్లా దిగింది? ముందు దూరపు దీవి చెరిగిపోయింది. తర్వాత నీటికీ ఆకాశానికీ నడుమ గీత పోయింది. తర్వాత నావ అణియంలో చెక్కిన డ్రాగను తల పోయింది. చివరికి చుక్కాని దగ్గర కూర్చున్న వీరుడికి తన చేతిలోని దివిటీ, దాని చుట్టూ చేటంత పసుపు వెలుగు మాత్రం మిగిలాయి. నలుదిక్కులూ ఒకే దిక్కయ్యాయి. పటం చూద్దామంటే కొత్త సముద్రం గనుక అదంతా మేఘం కమ్మినట్టే ఉంది. నావ పోయినకొద్దీ దాని చుట్టూ చిన్న వృత్తం మాత్రం తెరుచుకుంటోంది. ఎదురుగా రాయి ఉన్నా, దీవి ఉన్నా, కొట్టుకున్నాకే తెలుస్తుంది.

మంచు చేసే మోసం తెలుగు కావ్యానికి కొత్తకాదు. ఈ కడప జిల్లాలోనే కోకటం అగ్రహారాన్ని ఏలుకున్న అల్లసాని పెద్దన, ప్రవరుణ్ణి కాలికి పసరు పూసి హిమాలయానికి పంపించాడు. అడుగు తీసి అడుగు వేస్తే కొండ మీద ఉండే మాయ అది. తీరా అక్కడ మంచునీటికి పసరు కరిగిపోయింది, ఇంటిదారి మూసుకుపోయింది. మాయాద్వారాన్ని నమ్ముకున్నవాడికి మంచు చెప్పే బుద్ధి ఐదువందల ఏళ్ళ కిందటే మనుచరిత్రలో ఉంది. ప్రవరుడికి వరూధిని ఎదురైంది. మన వీరులకు ఎదురైంది వేరు.

‘రేయ్, దీవి! దీవి కనపడ్తాంది, ఆపు, ఆపు!’

మంచులోంచి చిన్న మిట్ట తేలింది. ఒడలంతా గవ్వపెంకులు. ప్రొద్దుటూరు వీరుడు నావ దిగి, గునపం ఎత్తి ఆ పెంకుల మీద ఒక్క దెబ్బ వేశాడు, రెండో దెబ్బ వేశాడు. మూడో దెబ్బకు దీవి మూలిగింది. దీవులు మూలగవు. అది లెవియాథన్ అనే మహాజంతువు. వీపు మీద పెంకులు మొలిచేంతకాలం నిద్రపోతుంది, వాటిని కొడితే విసుక్కుని మునుగుతుంది. ఆదికూర్మం పాలసముద్రంలో కొండను మోసిందని వినడమే గానీ, ఆ వీపు మీద గునపం వేసినవాడు ఇంతకుముందు లేడు. కాళ్ళకింద నేల కుంగుతుంటే వీరుడు ఈదుకుంటూ వచ్చి నావ అంచు పట్టుకున్నాడు. చేతికి దక్కింది గుప్పెడు పెంకు.

ఆ మంచును తిడుతూ ఇద్దరు వీరులు ఉన్న బూతులన్నీ వాడారు. కడప వీరుడు మాత్రం ఊరుకున్నాడు. బయట వీధిలో తారు మెత్తబడుతోంది. కూలరు వేడిగాలి కొడుతోంది. తెర నిండా తెల్లగా, చల్లగా, ఊరు కనపడనంత మంచు. పుష్యమాసంలో నాలుగు తెల్లవారుజాముల్లో మాత్రం కర్నూలు-కడప కాలువ గట్టు మీద కనపడే ఆ దృశ్యాన్ని రోహిణి కార్తెలో చూస్తూ, ఇది ఇంకాసేపు ఉంటే ఏం పోయిందని అతనికి అనిపించింది. నాయకుడి గుణాల్లో ఇది ధీరోదాత్తమో ధీరలలితమో లాక్షణికులు తేల్చుకోవాలి.

వర్షవర్ణన, సర్పయుద్ధం

మంచు విడిచింది. విడిచిందని సంతోషించే లోపల ఆకాశం నల్లబడి ఉరిమింది. తెర మూల ఒక బొట్టు గుర్తు వెలిగింది. తడిసిపోయారని దానర్థం. తడిసినవాడికి ఒంటి సత్తువ తొందరగా తిరిగిరాదు, గాయం తొందరగా మానదు. ఆరాలంటే వాన తెరిపి ఇవ్వాలి, నిప్పు పక్కన చేరాలి.

‘అదేంది ఆ బొట్టు?’ అంది అవ్వ.

‘వానలో తడిసినామవ్వా. బలం తగ్గుతాది.’

‘వానలో తడిస్తే బలం తగ్గుతాదా?’ అని ఆమె తెల్లబోయింది. ‘ఎవుర్రా ఈ ఆట జేసినోళ్ళు? వాళ్ళకు పొలాలు ల్యావా?’

ఈ ప్రశ్నకు స్వీడన్ నుంచి జవాబు రావలసి ఉంది.

తుఫానులో అలలు కొండలయ్యాయి అనడం వాడుక. ఇక్కడ నిజంగానే నావ ఒక కొండ ఎక్కి ఒక లోయలో దిగుతోంది. గాలి మాత్రం వెనకనుంచి బలంగా తోస్తోంది గనుక వీరులు నిండు చాపతోనే పరుగుతీశారు. రాత్రి, అందులోనూ తుఫాను, అందులోనూ నడిసముద్రం. ఆ మూడూ కలిసినచోట సముద్రసర్పం లేస్తుంది. లేచింది. పచ్చటి వీపు నీటిమీద మూడు వంపులు తిరిగింది. కాళియుడి పడగల మీద కృష్ణుడు నాట్యం చేశాడు. ఇక్కడ సర్పమే నావ చుట్టూ నాట్యం చేస్తూ, తాళానికొకసారి చెక్కలు కొరుకుతోంది.

‘బాణాలెయ్యి ప్పా, బాణాలు!’

‘ఉండేవి ఏడే!’

‘ఏడుంటే రాముడు ఏడు చెట్లు కొట్టలేదా?’

‘ఆయప్ప ఒగటే బాణంతో కొట్టినాడు. కూసో.’

పురాణజ్ఞానంలో సీమవీరులకు సాటిలేదు. ఏడు బాణాల్లో నాలుగు సముద్రుడికి సమర్పించారు. రెండు పాముకు తగిలాయి. ఏడోది విల్లు ఎక్కుపెట్టి కడప వీరుడు ఊపిరి బిగబట్టాడు. చెక్కలు పటపటమంటున్నాయి. ఇనుము నిండిన నావ ఒక పక్కకు ఒరుగుతోంది. తీరం మీద సొంత గుడిసె దీపం మినుకుమని కనిపించింది కూడా.

ప్రళయం

అప్పుడు లోకం ఆగిపోయింది.

సముద్రం, పాము, నావ, ముగ్గురు వీరులు, ఆకాశంలో కొమ్మలు చాచిన మహావృక్షం, అన్నీ ఒక్క క్షణంలో నల్లటి అద్దంలో లీనమయ్యాయి. ఆ లోకమంతా కడప వీరుడి పెట్టెలోనే నడుస్తోంది గనుక, ఆ పెట్టె ఆరిపోతే ప్రొద్దుటూరుకూ కర్నూలుకూ కూడా ప్రళయమే. పొద్దుటినుంచీ కోతలు తట్టుకుని ఇన్వర్టరు స్వామి అప్పటికే సమాధిలో ఉన్నాడు.

కారణం బయట ఉంది. పాలకొండల వైపునుంచి ఈదురుగాలి లేచింది. గుర్తు చూపే చక్రం లేదు, నల్లటి మేర లేదు, ముందస్తు మాట లేదు. వేపచెట్టు సగానికి వంగింది, ఎవరి రేకులో వీధిలో దొర్లాయి, ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు ఢమ్మని నీలిమంట కక్కింది. వెనకే పెద్దపెద్ద చినుకులు, సున్నపు గచ్చు మీద పడి పొగలు లేచాయి. పదో లోకంలోని వాతావరణం ఎంత భీకరమైనా నియమం ఉన్నది. ఓర్చుకుంటే తోడుగాలి వస్తుంది, డ్రాగనును కొడితే మాట ఇస్తుంది. ఈ మొదటి లోకంలోది ఆరునెలలు ఊరించి, ఒక్క సాయంత్రం వచ్చి, కరెంటు తీసి పోతుంది.

వీరుడు మిద్దె మీదికి పరిగెత్తాడు. అవ్వ అతనికంటే ముందే అక్కడుంది. నీళ్ళు జారే గొట్టం కింద బిందె, బిందె పక్కన బకెట్టు, బకెట్టు పక్కన జొన్నలు కొలిచే పడి. ఇద్దరూ నిలువునా తడిశారు. ఏ మూలా బొట్టు గుర్తు వెలగలేదు.

ఫోను మోగింది. కర్నూలు వీరుడు.

‘ఏమైందప్పా, పాము సచ్చిందా?’

‘కరెంటు పాయె. ఈడ వాన. మీకు పడిందా?’

‘మబ్బు పట్టింది, పాయింది. మాకు యాడ పడ్తాదప్పా.’

రెండు గంటలకు విద్యుద్దేవి తిరిగి వచ్చింది. పెట్టె తెరిస్తే, ఆ లోకం చివరిసారి భద్రపరిచిన గడియకు వెనక్కి నడిచింది. సర్పయుద్ధం జరగలేదు. లెవియాథన్ మూలగలేదు. ఏడు బాణాలూ అమ్ములపొదిలో ఉన్నాయి. నావ నడిసముద్రంలో, ఇనుముతో, ఎదురుగాలిలో ఉంది. కాలాన్ని వెనక్కి తిప్పిన ఘనత సూర్యుణ్ణి ఆపిన సుమతికి కూడా లేదు. ముగ్గురూ మారుమాట లేకుండా తెడ్లు అందుకున్నారు.

ఫలశ్రుతి

ఈ కావ్యాన్ని చదివినవారికి చేకూరే ఫలాలు ఇవి. తెప్ప మీద ఉన్నవారికి కార్వ్, కార్వ్ మీద ఉన్నవారికి పొడుగునావ లభించుగాక. మంచులో చిక్కినవారికి మూలగని దీవులు ఎదురగుగాక. చదివించి విన్నవారి ట్యాంకులో మధ్యాహ్నం చన్నీళ్ళు వచ్చుగాక. ఆరుద్రలో వాన కడపలో పడ్డనాడే కర్నూలులోనూ పడుగాక. వాన పడుతుండగా కరెంటు ఉండుగాక అనే ఫలాన్ని కూడా చేర్చాలని ఎందరో కోరారు గానీ, కావ్యానికైనా కొంత నమ్మదగినతనం ఉండాలని దాన్ని చేర్చలేదు.